తమ్ముడు తీగలకు వేసిన ముడులు

తమ్ముడు పోయిన నాలుగు నెలలకు, ఒక ఆదివారం ఉదయం, రేడియో బాబాయ్ తన పనిముట్ల సంచితో మా ఇంటికి వచ్చాడు. తమ్ముడి బల్ల మీద సగంలో ఆగిపోయిన తెరను వెలిగించమని నేనే అడిగాను.

ఆ తెర ఒక పాత కంప్యూటర్ మానిటర్‌ది. నేను పాఠాలు చెప్పే బడిలో అది పాడై మూలన పడి ఉంటే తమ్ముడు అడిగి తెచ్చుకున్నాడు. పెట్టె విప్పి, కాలిపోయిన బోర్డు పారేసి, తెరను మాత్రం ఉంచుకున్నాడు. దానికి వేరే బోర్డు తగిలించి, పైన చిన్న కెమెరా బిగించి, కింద పెట్టిన కాగితంలోని అక్షరాలు అరచేతి అంత కనబడేలా చేయాలని వాడి ఆలోచన. అది నాన్న కోసం. నాన్న ముప్పై ఏళ్లు అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దారు. రెండేళ్లుగా పేపరులో పెద్ద అక్షరాలు కూడా ఆయన కళ్లకు ఆనడం లేదు. నేను చదివి వినిపిస్తే వింటారు గాని, "నువ్వు తప్పులు దిద్దుకుంటూ చదువుతావమ్మా. అచ్చులో ఏముందో నాకు తెలియడం లేదు" అంటారు.

రేడియో బాబాయ్ మాకు చుట్టం కాదు. వీధి చివర ఆయనకు రిపేరు కొట్టు ఉంది. పదో తరగతి సెలవుల్లో తమ్ముడు ఆ కొట్టులో స్టూలెక్కాడు, పదకొండేళ్లు దిగలేదు.

"ఏరా, ఇది వెలుగుతుందా, దీన్నీ అటకెక్కిస్తావా?" అన్నారు నాన్న కుర్చీలోంచి.

"నా కొట్లో అటకెక్కినవన్నీ నువ్వు బేరమాడి కొన్న రేడియోలే అన్నయ్యా. కాసేపు మాట్లాడకుండా కూర్చో, నీకు పుణ్యముంటుంది."

నేనైతే ముందు స్విచ్చి వేసేదాన్ని. బాబాయ్ వేయలేదు. అడాప్టరును విడిగా పెట్టి మీటరుతో కొలిచాడు. పన్నెండు వోల్టులు సరిగ్గా వస్తున్నాయి. తెర వెనక అంటించిన చీటీ చదివి, బోర్డు మీది చిన్న క్లిప్పు ఏ అంకె దగ్గర ఉందో చూశాడు.

"తెరకు అయిదు వోల్టులు కావాలి. అయిదులోనే పెట్టాడు. భేష్ రా చిన్నోడా."

ఆ తర్వాతే కరెంటు ఇచ్చాడు. తెర నల్లగానే ఉండిపోయింది. బాబాయ్ జేబులోంచి టార్చి తీసి తెర మీద ఏటవాలుగా వేశాడు.

"ఇలా రా అమ్మాయ్. ఈ వారగా చూడు."

చూశాను. కెమెరా కింద ఉన్న బల్లగుడ్డ గళ్లు నలుపులో మసకగా కనబడ్డాయి.

"బొమ్మ వస్తోంది. వెనక దీపాలు వెలగడం లేదు, అంతే. ముప్పాతిక పని చేసే వెళ్లాడు."

కరెంటు తీసేసి తెరను బోర్లించాడు. దీపాల రేకు కిందినుంచి నాలుగు తీగలు బయటికి వస్తున్నాయి. రెండింటిని తమ్ముడు బోర్డుకు కలిపేశాడు. ఎర్రదీ ఆకుపచ్చదీ వేలాడుతున్నాయి. వాటిలో ఒకటి దీపాలకు పన్నెండు వోల్టులు మోసుకెళ్లేది. రెండోది వాటిని వెలగమనీ ఆరమనీ చెప్పేది. దానికి అయిదు దాటి ఇస్తే దీపాల చిప్పు మాడిపోతుందనీ, ఇలాంటి తెర ఇంకోటి దొరకదనీ బాబాయ్ చెప్పాడు.

"ఎరుపు పన్నెండుకు. వాడికి నేను నేర్పిన మొదటి పాఠం అదే" అంటూ సోల్డరింగ్ కడ్డీ వేడెక్కించాడు.

అప్పుడు చూశాను. ఎర్ర తీగకు రెండు ముడులు. ఆకుపచ్చ తీగకు ఒకటి.

"ఆగు బాబాయ్."

కడ్డీ గాలిలో ఆగింది. ఇక చెప్పాలంటే ఒట్టు తప్పాలి. ఇరవై ఏళ్ల కిందటి ఒట్టు అది.

"వాడికి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదు. పుట్టుకతోనే."

"చాల్లే అమ్మాయ్. నా బల్ల దగ్గర పదకొండేళ్లున్నాడు."

రెండో తరగతిలో వాడు ఆకులకు ఎర్ర రంగు వేసినందుకు పిల్లలందరూ నవ్వారు. ఆ సాయంత్రం నేను వాడి రంగు పెన్సిళ్లకు దారాలు కట్టాను. ఒక ముడి ఉంటే ఎరుపు, రెండుంటే ఆకుపచ్చ. ఎవరికీ చెప్పనని వాడు నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అదంతా చెప్పి, "ఒక్క ముడి ఉన్నదే వాడి ఎరుపు బాబాయ్. పన్నెండు దానికే" అన్నాను.

బాబాయ్ కడ్డీని స్టాండులో పెట్టాడు.

"ప్రతి తీగకూ రెండు కొసలా మీటరు పెట్టి చూసుకునేవాడు. పని తెమలదని విసుక్కునేవాణ్ని. 'కళ్లు లేవురా నీకు' అని తిట్టేవాణ్ని." "పదకొండేళ్లలో ఒక్క తీగ తప్పు కలపలేదు. నేను కలిపాను, లెక్కలేనన్ని."

"నాకూ చెప్పలేదేం?" అన్నారు నాన్న.

"ఒట్టేయించుకున్నాడు నాన్నా."



బాబాయ్ నా మాటనూ నమ్మి ఊరుకోలేదు. రేకు మరలు విప్పి, లోపలి కొసకు మీటరు ఒక సూది, బయటి కొసకు ఇంకో సూది ఆనించాడు. ఆకుపచ్చ తీగకు పన్నెండు వోల్టుల చోట మీటరు కూసింది. ఎర్రదానికి రెండో చోట కూసింది. ఆయన అలాగే కలిపాడు. ముడులు విప్పితే తీగలు తీరుగా ఉండేవి. విప్పలేదు.

తెర వెలిగింది. బల్లగుడ్డ గళ్లు కిటికీలంత కనబడ్డాయి. నాన్న కుర్చీ ముందుకు లాక్కున్నారు. నేను పేపరు తెచ్చాను.

"అది కాదు. ముందు ముడి చూపించు."

తమ్ముడి డబ్బాలోంచి ముడి ఉన్న తీగ ముక్క ఒకటి తీసి కెమెరా కింద పెట్టాను. ముడి పిడికిలంత అయింది. నాన్న ముఖం తెరకు దగ్గరగా పెట్టి, ప్రూఫు చూసినట్టు, ఆ కొస నుంచి ఈ కొసదాకా చూశారు.

"బిగువుగా వేశాడు" అన్నారు.

తర్వాత నా చేతిలోంచి పేపరు తీసుకుని కెమెరా కింద తామే సర్దుకున్నారు.

"నువ్వు చదవకు. నేను చదువుకుంటాను."