ఇంకొంచెం తెల్లగా

మీ ఊరి సెంటరులో కట్టిన ఫ్లెక్సీలను ఎప్పుడైనా నిలబడి చూశారా? ఓణీల ఫంక్షను పిల్ల దగ్గర్నుంచి నాయకుడికి శుభాకాంక్షలు చెప్పే అనుచరుడి దాకా అందరూ పాలమీగడ రంగులోనే ఉంటారు. కింద నిలబడి చూసేవాళ్లు మాత్రం మన రంగులో ఉంటారు. ఇందులో వింతేముందని మీరనవచ్చు. శ్రీజకూ మొదట వింతగా అనిపించలేదు.

అద్దంకి దగ్గరి పల్లెలో ఆమె చదివే హైస్కూలు. తొమ్మిదో తరగతికి వృత్తివిద్య కింద గ్రాఫిక్ డిజైన్ పెట్టారు. ఉన్నవి ఎనిమిది కంప్యూటర్లు, పనిచేసేవి ఆరు. నేర్పే ఇమాం హుస్సేన్ మాస్టారు ఓపిక గల మనిషి. ఒకరోజు ఆయన, "మీ ఇంట్లో ఒకరి ఫొటో తెచ్చి అందంగా తయారుచేయండి" అన్నారు.

శ్రీజ తన తల్లి కోటిరత్నం ఫొటో తెచ్చింది. మిరపచేలో తీసింది. చీర మీద మగవాళ్ల చొక్కా, తలకు తువ్వాలు, నవ్వుతున్న నల్లటి ముఖం. శ్రీజ ఆ ముఖం మీద వెలుగు పెంచింది. ఇంకా పెంచింది. బుగ్గమీది మచ్చ పోయింది, కళ్లకింద ముడతలు పోయాయి. మాస్టారు పదికి పది వేశారు, క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చి చూపిస్తే కోటిరత్నం చాలాసేపు చూసి, "ఎవరే ఈవిడ, టీచరమ్మలాగా ఉంది" అని నవ్వింది.

అప్పటినుంచి ఊళ్లో ఎవరికి ఫ్లెక్సీ కావాలన్నా బొమ్మ శ్రీజే చేసేది. వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "ఇంకొంచెం తెల్లగా చెయ్యమ్మాయ్." చేసేది.

ఏప్రిల్ మొదట్లో ఆఖరి కోతకు వెళ్లిన కోటిరత్నం వడదెబ్బ తగిలి చేలోనే పడిపోయింది. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

శ్రీజ ఏడవలేదు. "దిగమింగుకుంటోంది పాపం" అన్నారు చుట్టాలు. నిజానికి ఆ పిల్లకు దిగమింగడానికి కూడా లోపల ఏమీ ఉన్నట్టు లేదు. అన్నం పెడితే తింది, పడుకోమంటే పడుకుంది. పెద్దకర్మకు ఫ్లెక్సీ కట్టాలని తండ్రి అంటే సరేనంది. అమ్మకు వేరే ఫొటో లేదు. ఆధార్ కార్డులో ఉన్నది ఎవరి ముఖమో దేవుడికే తెలియాలి. మిరపచేలో తీసిన అసలు ఫొటోను, ఫోనులో చోటు చాలక ఎప్పుడో తీసేసింది. క్లాసులో మార్చిన బొమ్మనే పెట్టి, పేరూ తేదీలూ రాసి, అలవాటుకొద్దీ ఇంకొంచెం వెలుగు పెంచి అద్దంకి షాపుకు పంపింది.

పెద్దకర్మ ఆదివారం వచ్చింది. కోటిరత్నంతో కోతలకు వెళ్లే ముఠా ఆడవాళ్లు నలుగురు పక్క ఊరి నుంచి ఆటోలో వచ్చి సెంటరులో ఫ్లెక్సీ ముందే దిగారు. చదువు రానివాళ్లు. "ఎవరో పెద్దింటావిడ పోయినట్టుంది" అనుకుంటూ దాని పక్కనుంచే నడిచి ఇంటికొచ్చారు. ముఠా పెద్ద కరీమున్ శ్రీజను దగ్గరికి పిలిచింది.

"ఏమ్మా, ఊళ్లో అందరికీ బొమ్మలు చేస్తావంట. మీ అమ్మకి చెయ్యలేదేం?"

"చేశాను పెద్దమ్మా. సెంటర్లో కట్టారు. మీరు దిగిన చోటే."

కరీమున్ సెంటరు వైపు తిరిగి చూసింది. "పన్నెండేళ్లు పక్కపక్క సాళ్లలో కోశామే. దాన్ని నేను పోల్చుకోలేకపోయానా?"

ఆ మాట పెద్దకర్మకు వచ్చి అక్కడే కూర్చున్న మాస్టారికి తగిలింది. తాను వేసిన పదికి పది గుర్తొచ్చింది. లేచి, "రామ్మా" అని శ్రీజను తీసుకెళ్లి బడిలో కంప్యూటర్ గది తాళం తీశారు. ఆడవాళ్లూ వెంట వెళ్లారు.

వెలుగు ఎంత తగ్గించినా ముఖం తిరిగి రాలేదు. పోయిన గీతలు పోయినట్టే ఉన్నాయి. మచ్చయినా గీద్దామనుకుంటే, అది ఏ బుగ్గ మీద ఉండేదో శ్రీజకు గుర్తు రాలేదు. ఈ పదకొండు రోజుల్లో మొదటిసారి ఆమెకు భయమేసింది.

"ఎడం బుగ్గ," అంది వెనకనుంచి కరీమున్. "మిరపగింజంత."

మిగతా ముగ్గురూ కుర్చీ చుట్టూ చేరారు. కళ్లకింద ఎన్ని గీతలో, నవ్వితే సొట్ట ఎక్కడ పడేదో, ఎండకు పైపెదవి ఎక్కడ పగిలేదో ఒక్కొక్కటే చెప్పారు. శ్రీజ గీసింది. ఆ తర్వాత రంగు.

"ఇంకొంచెం నల్లగా."

చేసింది.

"ఇంకా. కోతల ఎండమ్మా అది, మాటలా?"

చేసింది.

"ఆగు. ఇదుగో, ఇది మా రత్నం."

మాస్టారు శ్రీజ పక్కకు వచ్చారు. "తెలుపే అందమని నేను నోటితో చెప్పలేదమ్మా, మార్కులతో చెప్పాను. తప్పు నాది. ఆ ఎండలో నల్లబడుతూనే మీ అమ్మ నిన్ను చదివించింది. ఆ నలుపును నువ్వు చెరిపితే నేను చప్పట్లు కొట్టించాను."

శ్రీజ తెర మీది మచ్చ మీద వేలు పెట్టి అలాగే కూర్చుంది. ఏడుపు అప్పుడూ రాలేదు. మర్నాడు సెంటరులో పాత ఫ్లెక్సీ దించి కొత్తది కట్టారు.

జూన్‌లో ఒకాయన తన కూతురి ఓణీల ఫంక్షనుకు ఫొటో తెచ్చాడు. పిల్ల చామనఛాయ. "ఇంకొంచెం తెల్లగా చెయ్యమ్మాయ్" అన్నాడు.

"వద్దండి," అంది శ్రీజ. "అట్టా చేస్తే మన మనిషిని మనవాళ్లే పోల్చుకోలేరు."