గని వీధి నీలి పెట్టెలు

చర్చి కప్పు కారుతుంటే బాగు చేయించడానికే ఏనాడూ ఒక మాట మీద నిలబడని మనుషులు, మూడు టౌన్‌షిప్పులకూ కలిపి ఒకే రీసైక్లింగ్ బండి తిప్పుదామని కూర్చున్నారు. బండి ముందు ఎవరి వీధికి రావాలి, ఎవరి సీసాలు ముందు ఎక్కించాలి అని శీతాకాలమంతా కీచులాడుకున్నారు. సుపీరియర్ సరస్సు ఒడ్డున శీతాకాలం ఒక పట్టాన పోదు కాబట్టి కీచులాటకి తీరిక లోటు రాలేదు.

హిర్వి టౌన్‌షిప్ తరఫున కూర్చున్నది ఐలి కంగస్. అవతల బార్‌స్టో టౌన్‌షిప్ పెద్ద క్లెమ్ ట్రెగో. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్ళే. అందుకని మర్యాదలేమీ లేవు.

తగువంతా చివరికి గని వీధి దగ్గర తేలింది. రాగి గని మూతపడ్డాక ఆ వీధిలోని పడుచువాళ్ళు డెట్రాయిట్ దారి పట్టారు. కదిలేది లేదన్న ముసలివాళ్ళు ఆ ఇళ్ళలోనే ఒకరి వెనక ఒకరు కన్నుమూశారు. ఇప్పుడక్కడ కాపురమున్నది ఐలి తమ్ముడు రైనో ఒక్కడే, అమ్మ పోయిన ఇంట్లో.

ఇళ్ళు నిలబడి ఉన్న ప్రతి వీధికీ వసంతంలో సీసాలూ డబ్బాలూ వేసే నీలి పెట్టెలు పంచాలని, గురువారం పొద్దున సగానికి పైగా పెట్టెలు రోడ్డు వారకి వచ్చిన వీధికే బండి పంపాలని క్లెమ్ పట్టుబట్టాడు. బండి పోని వీధికి చలికాలంలో మంచు తోసేవాడూ పోడు, ఎందుకంటే ఆ రెండు పనులకీ డ్రైవరు ఒక్కడే. మంచు తోయకపోతే రైనో ఆ ఇల్లు వదలక తప్పదు. ఖాళీ ఇళ్ళని లెక్కలోంచి తీసేయమని ఐలి బతిమాలింది. క్లెమ్ చెవిన పెట్టలేదు.

"మీ తమ్ముడు ఒక్క పెట్టె పెడతాడు, సరే. మిగతా ఇళ్ళలో ఎలకలు లేచి సీసాలు కడిగి పెడతాయా ఐలీ?" అన్నాడు.

చేతులెత్తించి చూస్తే ఐలి వైపు ఎవరూ లేరు. ఆమె ఇంటికెళ్ళి కోపంతో గిన్నెలన్నీ తోమింది.

మొదటి గురువారం ఇద్దరూ క్లెమ్ ట్రక్కులోనే వీధులు చూడటానికి బయల్దేరారు. కరిగీ కరగని మంచు, దాని మీద పొగమంచు. గని వీధి మలుపు తిరగ్గానే క్లెమ్ బ్రేకు తొక్కాడు.

ప్రతి ఇంటి ముందూ నీలి పెట్టె ఉంది.

కిటికీలకి చెక్కలు కొట్టిన ఇంటి ముందు కూడా ఉంది. పొయ్యి గొట్టం విరిగి లోపలికి పడిపోయిన మాకి ముసలమ్మ ఇంటి ముందూ ఉంది. సీసాలు తళతళా కడిగి, కాగితాలు ఊడదీసి, డబ్బాలు చదును చేసి పెట్టారు. ముసలమ్మ పెట్టెలో వార్తాపత్రికల కట్టకి రెండు ముడులు వేసి ఉన్నాయి. ఆవిడ బతికుండగా కట్టెల మోపుకి కూడా అలాగే రెండు ముడులు వేసేది. గుమ్మాల నుంచి రోడ్డు దాకా పరుచుకున్న మంచు మీద ఒక్క అడుగు కూడా పడి లేదు.

క్లెమ్ మొహం మాడ్చుకుని, ఇది రైనో వేషమేనన్నాడు. ఐలికీ అలాగే అనిపించింది. అనిపించి లోలోపల మురిసిపోయింది కూడా. ఆ మొద్దు మనిషికి ఇంత తెలివి ఎప్పుడొచ్చిందా అనుకుంటూ తలుపు తట్టింది. రైనో ఆమెని చూసి నవ్వాడు.

"ఇంత పని నువ్వొక్కదానివే ఎప్పుడు చేశావక్కా? నాకు అలికిడైనా కాలేదు."

ఐలి నవ్వు అక్కడే ఆగిపోయింది. కానీ క్లెమ్ వింటున్నాడు. నోరు మూసుకుని వచ్చి ట్రక్కెక్కింది. అలా నోరు మూసుకున్నందుకు తర్వాత ఆమె చాలా బాధపడింది.

గురువారాలు గడిచేకొద్దీ పెట్టెల్లోకి వచ్చే వస్తువులు మారాయి. మొదట సీసాలు, డబ్బాలు. తర్వాత లాంతరు గాజులు, ముక్కుపొడి డబ్బీలు, గని దీపాలు, స్కేటింగు బూట్ల ఇనుప పట్టీలు, సౌనా ఆవిరి గదిలో నీళ్ళు చల్లుకునే రాగి గరిటెలు. ఎవరి ఇంటి ముందు ఉన్నవి వాళ్ళవే. అన్నీ కడిగి ఉండేవి. బండి వాటిని ఎక్కించుకుని పోయేది. డ్రైవరు ఆ వీధిలో రేడియో కట్టేసేవాడు, పొగ తాగేవాడు కాదు. ఎందుకని ఐలి అడగలేదు, అతనూ చెప్పలేదు.

రైనో మాత్రం పండగ చేసుకున్నాడు. ఇన్నేళ్ళూ అందరి మెట్ల మీదా మంచు ఊడ్చింది తనే కదా. ఈ పోయినవాళ్ళని ఒంటరిగా వదిలి ఎలా పోతానన్నది ఐలితో అతను ఎప్పుడూ అనే మాటే. ఇప్పుడు ఆ మాటకి సాక్ష్యం దొరికింది.

"ఉన్నారక్కా. వీధి నిలబడాలని వాళ్ళక్కూడా ఉంది. నాకు తోడొచ్చారు," అన్నాడు.

ఐలికి భయమేసింది. అయినా నమ్మింది. నమ్మితే తమ్ముడి ఇల్లు నిలుస్తుంది మరి. మే నెల సమావేశంలో గని వీధికి బండి, మంచు బండి రెండూ ఖాయమయ్యాయి. క్లెమ్ అడ్డు చెప్పలేదు. అసలు ఆ వీధి పేరెత్తితేనే అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఖాయమైన తర్వాత వచ్చిన గురువారం, సంతోషం పట్టలేక ఐలి ఒక్కతే గని వీధికి వెళ్ళింది. తమ్ముడికిష్టమని ఏలకుల రొట్టె వెంట తీసుకెళ్ళింది.

తమ్ముడి ఇంటిది తప్ప ప్రతి పెట్టెలోనూ ఒకటే వస్తువు ఉంది. కాఫీ కెటిల్. తోమి, తుడిచి, బోర్లించి ఉంది.

రొట్టె ఆమె చేతిలోంచి జారిపోయింది. ఆ వీధిలో పుట్టినవాళ్ళకి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మంచాలు, బల్లలు, గరిటెలు అన్నీ ముందు బయటికి వెళ్తాయి. కెటిల్ మాత్రం పొయ్యి మీదే ఉంటుంది. అన్నీ అయ్యాక నిలబడే చివరి కాఫీ తాగి, కెటిల్ కడిగి గుమ్మంలో బోర్లిస్తారు. ఆ తర్వాత ఆ ఇంట్లోకి వెనక్కి అడుగు పెట్టరు. చిన్నప్పుడు ఎన్ని కుటుంబాలు అలా వెళ్ళిపోవడం చూడలేదూ! సీసాలతో మొదలై గరిటెల దాకా వచ్చినప్పుడైనా తనకి తట్టలేదు. బండి కావాలన్న యావలో, సామాను సర్దుకుంటున్నవాళ్ళని కాపురమున్నవాళ్ళనుకుంది.

కాళ్ళ కింద నేల సన్నగా గొణిగింది. ఆ వీధి కిందంతా పాత గని సొరంగాలే.

ఆమె లోపలికి పరుగెత్తి, ఉన్నపళంగా బయల్దేరమంది. రైనో పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. కెటిల్లో కాఫీ మరుగుతోంది. ఆమె చెప్పిందంతా విని, నెమ్మదిగా కిటికీ దగ్గరికెళ్ళి వీధంతా చూశాడు. కానీ తల అడ్డంగా ఊపాడు.

"మన పెట్టె ఖాళీగానే ఉందక్కా. అందరూ పోతే పోనీ, అమ్మ పోలేదు. ఆమెనొక్కదాన్ని వదిలి నేను రాను."

"అమ్మకి నువ్వు తోడున్నావనుకుంటున్నావు. నిన్ను వదిలి పోలేక ఆమే ఉండిపోయిందిరా, పిచ్చోడా. నువ్వు కదిలితేనే కదా ఆమె కదిలేది."

పింగాణీ సామాన్లున్న అలమర దానంతటదే చిన్నగా గలగలలాడింది. అతను రెండు కప్పుల్లో కాఫీ పోశాడు. కాసేపు ఆలోచించి మూడో కప్పులో కూడా పోసి, అమ్మ కూర్చునే చోట పెట్టాడు. అక్కా తమ్ముడూ నిలబడే తాగారు. ఐలి గబగబా మింగి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. అతను మాత్రం తొందరపడకుండా కెటిల్ కడిగి, పొడిగుడ్డతో తుడిచి, బయటికి తెచ్చి తమ పెట్టెలో బోర్లించాడు. వెనక్కి చూడకుండా కారెక్కాడు.

మధ్యాహ్నానికి గని వీధి కిందికి దిగిపోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదంటారు విన్నవాళ్ళు. ఇళ్ళు, మెట్లు, రోడ్డు అన్నీ పోయి, నీళ్ళు నిండిన గొయ్యి మిగిలింది.

మర్నాడు పొద్దున టౌన్‌షిప్ ఆఫీసు తెరవడానికి ఐలి వెళ్ళేసరికి క్లెమ్ అప్పటికే గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని. గని వీధి పెట్టెలన్నీ మెట్ల పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కడిగి, బోర్లించి ఉన్నాయి. టౌన్‌షిప్ వస్తువు టౌన్‌షిప్‌కి అప్పజెప్పకుండా పోయే మనుషులు కారు వాళ్ళు.

"నేను ఎలకలన్న మాట..." అని క్లెమ్ మొదలుపెట్టి, పెట్టెలకేసి చూసి టోపీని ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

కారులోంచి దిగిన రైనో ఒక్కొక్క పెట్టే ఎత్తి కింద చూశాడు. ఎక్కడా కెటిల్ లేదు, ఎవరిది వాళ్ళు పట్టుకుపోయారు. అన్నిటికన్నా పైనున్న పెట్టె వాళ్ళ ఇంటిది. మిగతావన్నీ ఆరిపోయాయి గానీ దానికింకా తడి ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

"అందరికన్నా ఆఖరున బయల్దేరింది అమ్మే. నేను కదిలేదాకా వీళ్ళంతా ఆగారక్కా, ఇన్నేళ్ళూ," అన్నాడు, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ.