మూత మీద రాయని రంగు

మా అమ్మాయికి జ్వరం తగ్గిన మర్నాడు పొద్దున్నే చూస్తే మా ఇంటి మేడమెట్లు పదమూడూ పదమూడు రంగుల్లో ఉన్నాయి.

కాఫీ గ్లాసు పట్టుకుని కిందే నిలబడిపోయాను. పైమెట్టు మీద కూర్చుని, ముక్కుకి ఊదా, చెవికి పసుపు అంటించుకున్న మా తూనీగ నన్ను చూసి పకపకా నవ్వింది.

"నాన్నా, ఇకమీదట ఎక్కేటప్పుడు మెట్లు లెక్కపెట్టక్కర్లేదు. నిమ్మపండు దాకా వచ్చాను, ఇంకా వంకాయ మిగిలింది అనుకుంటే చాలు!"

తూనీగ అనేది వాళ్ళమ్మ పెట్టిన ముద్దుపేరు. పిల్లకిప్పుడు ఇరవయ్యారేళ్ళు. వాళ్ళమ్మ పోయి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో మేమిద్దరం ఒకరికొకరం ఏ లోటూ రానివ్వలేదు, కానీ మా ఇంట్లో ఎవరైనా గట్టిగా నవ్విన గుర్తు లేదు. అందుకని ఆ పొద్దున తడి మెట్ల కింద నిలబడి, కాఫీ ఒలికిపోయేంతగా నేనూ నవ్వాను. ఐదురోజులు నూటమూడు జ్వరంతో మూలిగిన పిల్ల! ఊరంతా తిరుగుతున్న వైరల్ జ్వరమే, నీళ్ళు బాగా తాగించండి అన్నాడు వీధి చివర డాక్టరు. తాగించాను. తగ్గింది. తగ్గడమే కాదు, పోయిన పిల్ల తిరిగొచ్చింది అనుకున్నాను.

పక్కవీధి నుంచి మా బావమరిది వచ్చి మెట్లు చూశాడు. టాక్సీ నడుపుతాడు, నోరు ఊరుకోదు.

"బావా, ఆ వైరస్ ఏదో నాక్కూడా ఒక చెంచాడు పట్టించు."

"నీకెందుకు మావయ్యా? నువ్వు పుట్టుకతోనే ఇలా ఉన్నావుగా!" అంది పైనుంచి మేనకోడలు. ఇంకేముంది, ముగ్గురం పొట్టలు పట్టుకున్నాం.

మాది రంగుల దుకాణం. కొనేవాళ్ళు ఒక కర్టెన్ గుడ్డో, పాత గోడ పెచ్చో తెస్తారు. తెల్లరంగులో మిగతా రంగులు చుక్కలు చుక్కలుగా కలిపి, సరిగ్గా అదే ఛాయ తెప్పించాలి. ఏ రంగు ఎన్ని చుక్కలు పడిందో డబ్బా మూత మీద రాసివ్వాలి. ఏ గోడకీ ఒక్క డబ్బా సరిపోదు కదా. రెండో డబ్బాకి వచ్చేటప్పుడు ఆ మూత పట్టుకొస్తారు, దాన్ని చూసి కలిపితేనే గోడ అతుకులేసినట్టు కాకుండా ఉంటుంది. నేను చేసిన మంచిపనుల్లో ఒకటి, ఈ పని మా అమ్మాయికి నేర్పడం. అది రాసిన మూత చూస్తే బడిలో పంతులమ్మ కూడా మెచ్చుకుంటుంది.

మెట్లకి రంగేసిన దగ్గర్నుంచి నాలుగు రోజులూ దుకాణం తిరణాలలా ఉంది. తూనీగ మాట్లాడుతూనే ఉంది, కలుపుతూనే ఉంది. బూడిదరంగు అడిగినావిడకి గులాబీ అంటగట్టింది. ఆవిడ ఇంటికెళ్ళి ఫోన్ చేసి మరీ మెచ్చుకుంది. పళ్ళ డాక్టరొకాయన క్లినిక్‌కి తెలుపు కావాలన్నాడు.

"అసలే వణుకుతూ వస్తారు మీ దగ్గరికి. ఆ తెలుపు చూస్తే పళ్ళు కుర్చీలోనే వదిలేసి పారిపోతారు. ఉండండి," అని నేనెన్నడూ చూడని రంగొకటి కలిపింది. పండిన మామిడికీ పొద్దుటి ఎండకీ మధ్య ఎక్కడో ఉంది. ఆయన నవ్వుతూ పట్టుకెళ్ళాడు.

నాలుగోనాడు మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. "గోడ సగమే అయిందమ్మా. ఇంకోటి కలిపిపెట్టు," అని మూత నా చేతికిచ్చాడు.

తిప్పి చూశాను. ఖాళీ.

"చుక్కలేవే, రాయలేదా?"

"రాయొద్దంది నాన్నా."

"ఎవరు?"

"రంగే. దానికి సిగ్గు."

నాకు నవ్వొచ్చింది. డాక్టరుకీ వచ్చింది. అమ్మాయి మాత్రం నవ్వలేదు. పక్కనున్న డబ్బా ఎత్తి చెవికి ఆనించుకుంది. అటునుంచి ఎవరో మాట్లాడుతున్నట్టు ఊఁ కొట్టింది. "సరే సరే, చెప్పనులే," అని దాన్ని ఓదార్చింది.

డాక్టరు నవ్వు నా నవ్వుకన్నా ముందు ఆగిపోయింది. నన్ను పక్కకి పిలిచాడు. "నేను చూసేది పళ్ళేననుకోండి. అయినా అడుగుతున్నాను, అమ్మాయి నిద్రపోతోందా?"

దాని పక్క మీద దుప్పటి నాలుగు రోజులుగా మడత విప్పలేదు. రోజూ చూస్తూనే ఉన్నాను. పెందలాడే లేచి సర్దుకుంటోంది, ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాను. అసలు పడుకుంటేగా మడత విప్పడానికి!

ఇటు తిరిగేసరికి తూనీగ లేదు. బయట హారన్లు. పరిగెత్తాను. నడిరోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని తెల్లగీతకి మామిడిరంగు వేస్తోంది! ఇటొక బస్సు, అటొక లారీ. బస్సు డ్రైవరు తల బయటపెట్టి, "ఏమ్మా, రోడ్డు మీ పుట్టింటివాళ్ళిచ్చారా?" అంటున్నాడు. పాపం, అరుస్తూనే బండిని అడ్డంగా తిప్పి, వెనకవాళ్ళు ముందుకు రాకుండా ఆపాడు. ఆ మనిషి రుణం తీర్చుకోలేను.

ఈలోగా పళ్ళ డాక్టరు కొట్టు గోడమీద రాసున్న నంబరుకి ఫోన్ చేసినట్టున్నాడు, మా బావమరిది టాక్సీ వచ్చి ఆగింది. దిగుతూనే నా చెవిలో, "షికారుకని చెప్పి ఎక్కించెయ్ బావా, తర్వాత చూసుకుందాం," అన్నాడు.

అలా చేయబుద్ధి కాలేదు. నేనూ మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"తూనీగా, నీకు ఒంట్లో బాగాలేదు. ఆ జ్వరం ఇంకా పోలేదనిపిస్తోంది. నాకు భయంగా ఉందమ్మా."

అది నవ్వుతూనే నా వంక చూసింది. కళ్ళ నిండా నీళ్ళు.

"నాకూ భయంగానే ఉంది నాన్నా. ఈ నవ్వు ఆగట్లేదు."

కుంచె నా చేతిలో పెట్టి లేచింది. టాక్సీలో దారిపొడుగునా వాళ్ళ మావయ్య డ్రైవింగ్ మీద జోకులే. ఏడవాల్సిన వాళ్ళం, మేమూ నవ్వాం. ఎంత ఆపుకున్నా ఆగని జోకులవి!

ఆసుపత్రిలో డాక్టరమ్మ వెన్నులోంచి నీరు తీయించింది, తలకి స్కాన్ తీయించింది. మర్నాడు కూర్చోబెట్టి చెప్పింది. "అందరికీ వచ్చి పోయే వైరసే. ఈమెకి మెదడుదాకా వెళ్ళి కాస్త వాపు తెచ్చింది. అరుదుగా జరుగుతుంది. వాపుకి మందులిస్తున్నాం, నిద్రకీ ఇస్తున్నాం. ఇదంతా జ్వరం పనేనా, లోపలెక్కడో ఉన్న జబ్బుకి జ్వరం తలుపు తీసిందా అన్నది కొన్ని నెలలు చూస్తేగానీ చెప్పలేను."

"నాలుగు రోజులు నేను సంబరపడ్డానండీ," అన్నాను. తప్పు ఒప్పుకోకుండా ఉండలేకపోయాను.

"నాలుగే కదా. నలభై రోజుల తర్వాత తీసుకొచ్చేవాళ్ళున్నారు," అని నా చేతిమీద తట్టింది.

మూడోనాడు పొద్దున పదకొండింటికి కూడా తూనీగ మేలుకునే ఉంది. మాటలు మాత్రం తగ్గాయి. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఖాళీ వస్తోంది. మంచం పక్కన నేను, బావమరిది, దాని చేతికున్న సెలైన్ సూది చూడ్డానికొచ్చిన నర్సు, గుమ్మంలో డాక్టరమ్మ.

"నాన్నా, నేను నవ్వితే నీకు బావుంది కదూ?"

"బావుంది."

"పడుకుని లేచాక నవ్వు రాకపోతే?"

దాని భయమంతా ఇదా! నాలుగు రోజులు ఆ నవ్వు చూసి మురిసిపోయింది నేనే కదా.

"రాకపోతే మానెయ్. ముఖం ముడుచుకుని కూర్చో. మూడేళ్ళూ నువ్వలాగే ఉన్నావు, నేను నిన్నేమైనా మార్చమని కొట్టుకి పట్టుకెళ్ళానా?"

దిండు మీద తల వాల్చి నా ముఖంలోకి చూసింది. తర్వాత దాని నోరు మెల్లగా తెరుచుకుంది. మళ్ళీ నవ్వేమో అనుకున్నాను. కాదు, ఆవలింత! ఇంత పొడుగు ఆవలింత, కళ్ళు మూసుకుపోయి, పై పళ్ళన్నీ కనిపించేలా.

అది ముగియకుండానే నాకొచ్చింది. నానుంచి బావమరిదికి పాకింది, పెద్ద చప్పుడుతో. నర్సు ఒక చేత్తో సూది పట్టుకుని, రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపుకోబోయి ఓడిపోయిన డాక్టరమ్మ ఫైలు వెనక ముఖం దాచుకుంది.

"అయిపోయాం బావా, అందరికీ అంటించేసింది," అన్నాడు బావమరిది.

"మీరు కూడా ఇక్కడే పడుకుంటారా ఏంటి? పదండి, పదండి బయటికి," అంది నర్సు, మళ్ళీ ఆవలిస్తూ.

దుప్పటి మడత విప్పి మా అమ్మాయి మీద కప్పాను. గడ్డం దాకా లాక్కుని, గోడవైపు తిరిగి, చిన్నగా గురకపెట్టడం మొదలుపెట్టింది.