గుండీలమ్మ భయం

దారం కొస నోట్లో తడిపి సూది బెజ్జంలోకి పంపి, గుండీలమ్మ మళ్ళీ ఇస్త్రీ బల్ల వైపు చూసింది. కొడుకు ఉన్నాడు. తల వంచుకుని ఏదో కాలరు మీద పెట్టె నడుపుతున్నాడు. చేతిలోని కోటుకి నాలుగు కుట్లు వేసి, మళ్ళీ చూసింది.

"ఏమే గుండీలమ్మా, అలా చూస్తే వాడు నీ కళ్ళతోనే ఇస్త్రీ అయిపోతాడు," అంది పక్కన కాజాలు కుట్టే ఆవిడ. పొడుగు మనిషి కాబట్టి అందరూ నిచ్చెన అంటారు.

"నువ్వూరుకోవే. నా భయం నాది."

"పొద్దున నవ్వాడే, చూశావా? కటింగ్ మాస్టరుగారి నుదుటి మీద ముడతలు పెట్టెతో తీసేస్తానన్నాడు. అందరం పడీపడీ నవ్వాం."

"చూశాను. అందుకే భయం."

ఆ కుట్టు కార్ఖానాలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. వయసంతా గుండీలు కుట్టడంలోనే కరిగిపోయింది. సూదిపోట్లకి బొటనవేలి కొస మొద్దుబారి, గోరు పక్కకి ఒరిగింది. కళ్ళద్దాల కాడ ఒకటి ఊడిపోతే దారమే చుట్టుకుంది. స్నేహితుల వెంట పోయి దొంగతనం కేసులో ఇరుక్కున్న కొడుకు జైలు నుంచి తిరిగొచ్చాక, వాడికి పని ఇమ్మని అడగడానికి ఆవిడ యజమాని అయిన పెద్దాయన ముందు నిలబడింది. "ఇస్త్రీ వచ్చా?" అన్నాడు పెద్దాయన. అంతే. ఇంకో మాట అడగలేదు.

అడగకపోవడమే ఆవిడకి గుబులు. నాలుగు తిట్టి పనిలో పెట్టుకున్న మనిషి మనసు తెలుస్తుంది. ఏమీ అనని మనిషి మనసులో ఏముందో ఎవరికి తెలుసు? వాడు ఎవరి సంచీ పక్కన నిలబడినా ఆవిడ సూది ఆగిపోయేది. ఈ పని కాస్తా పోతే వాణ్ణి గడప ఎక్కనిచ్చే వాళ్ళెవరు? అందుకే రోజూ సాయంత్రం గుమ్మం దగ్గర, అందరూ చూస్తుండగా, వాడి జేబులు తనే తడిమేది. "ఎందుకైనా మంచిదిరా నాన్నా," అనేది. వాడు గోడ వైపు తిరిగి, చేతులు పక్కలకి చాచి నిలబడేవాడు. అలా నిలబడమని ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

భోజనాలయ్యాక కటింగ్ మాస్టరు బల్లంతా గాలించాడు. "నా కత్తెరేదయ్యా? ఇప్పుడే ఇక్కడ పెట్టాను!"

ఆయన ఎవరి వైపూ చూడలేదు. బల్ల కిందికి వంగి వెతుక్కుంటున్నాడు. ఈలోగానే గుండీలమ్మ ఒళ్ళోని కోటు కింద పడేసి, ఇస్త్రీ బల్ల దగ్గరికి పరుగెత్తింది.

"జేబులు చూపించు. అందరికీ చూపించు."

"అమ్మా, నేను..."

"చూపించరా!"

వాడు కదల్లేదు. ఆవిడే చొక్కా జేబులో చెయ్యి పెట్టింది. ప్యాంటు జేబుల అస్తరు బయటికి లాగింది. చిన్న దువ్వెన, మడతపెట్టిన రుమాలు. రెండూ చేతిలో ఎత్తి పట్టుకుని నలువైపులా తిరిగింది. "చూడండయ్యా, ఏమీ లేదు. నా బిడ్డ తియ్యలేదు!"

మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"దొరికిందిలేమ్మా," అన్నాడు మాస్టరు, నీళ్ళు నములుతూ. వరసలుగా పరిచిన బట్ట మడతల్లో దూరిపోయింది కత్తెర. ఆయనే పెట్టి, ఆయనే పైన బట్ట పరిచాడు.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్న వాళ్ళ గురించి విన్నాం," అంది నిచ్చెన మెల్లగా. "నువ్వు వాడి భుజాలు తడిమావు కదే తల్లీ."

పెద్దాయన గది గుమ్మంలోకి వచ్చాడు. "వాణ్ణి మేమెవరమైనా ఏమైనా అన్నామా అమ్మా?"

"అనకముందే చూపిస్తే..." అంది గుండీలమ్మ.

కొడుకు ఆవిడ చేతిలోంచి దువ్వెనా, రుమాలూ తీసుకున్నాడు. అస్తర్లు లోపలికి తోసుకున్నాడు. పెట్టెని నిలబెట్టి, ప్లగ్గు పీకాడు.

"జైల్లోనూ రోజూ ఇలాగే వెతికేవాళ్ళు అమ్మా," అన్నాడు. గొంతులో కోపం లేదు. "వాళ్ళకైతే అది ఉద్యోగం."

తలనొప్పిగా ఉందని పెద్దాయనకి చెప్పి బయల్దేరాడు. గుమ్మం దగ్గర ఆగాడు. చేతులు కొంచెం పైకి లేచాయి. ఎవరూ దగ్గరికి రాలేదు. దించుకుని వెళ్ళిపోయాడు.

"రేపటికి సర్దుకుంటాడులే," అన్నాడు పెద్దాయన. కోట్లు ఆ సాయంత్రమే పంపాలి. ఆవిడ కుట్టింది. ఒక గుండీ తలకిందులుగా కుట్టి, ఊడదీసి, మళ్ళీ కుట్టింది.

ఇంటికొచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. వాడి చెప్పులు లేవు, సంచీ లేదు. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది.

"ఎక్కడికిరా అంటే చెప్పలేదమ్మా. 'నేనుంటే అమ్మకి నిద్రపట్టదు పిన్నీ, తనని కాస్త చూస్తూండండి' అన్నాడు."

గుండీలమ్మ లోపలికి వెళ్ళింది. కార్ఖానాలో అందరికీ ఇచ్చే నీలం చొక్కా, వాడిది, ఆవిడ చాప మీద ఉంది. కాలరు నిలబడేలా ఇస్త్రీ చేసి పెట్టాడు. జేబు మూతి ఈ కొస నుంచి ఆ కొస దాకా కుట్టేసి ఉంది, చిన్న చిన్న కుట్లతో, దగ్గర దగ్గరగా, అచ్చం ఆవిడ కుట్టినట్టే.