వేళ తప్పిన పదహారు పుటలు

ఏడో ఫారం ముందు, ఆరో ఫారం దాని వెనక పడేలా కుట్టించుకుని పుట్టిన నవలను నేను. ఫారమంటే పదహారు పుటల మడత. అవి పెళ్లిళ్ల రోజులు. అచ్చాఫీసు నిండా శుభలేఖల హడావిడి. నన్ను కుట్టినాయన పెళ్లివారికి సమాధానం చెబుతూ మడతలు తారుమారు చేసేశాడు. తోటి ప్రతులన్నీ తిన్నగానే ఉన్నాయి. నా ఒక్కదానికే ఈ రాత.

నా కథానాయకుడు కాలంలో ప్రయాణించే బండి కనిపెడతాడు. ఎనభయ్యో పుటలో అందులో ఎక్కుతాడు. పుట తిప్పితే తొంభై ఏడు. షష్టిపూర్తి పీటల మీద కూర్చుని ఉంటాడు. ఆ వేడుక ముగిశాక ఎనభై ఒకటో పుట వస్తుంది. అక్కడ పెళ్లిచూపుల్లో పకోడీలు తింటూ ఉంటాడు.

ఇలాగే ఒక శాఖా గ్రంథాలయానికి చేరాను. అక్కడ ఏటా పుస్తక సమీక్ష చేసే లెక్చరర్ భానుమూర్తిగారు నన్ను చదివి పొంగిపోయారు. "పుటల అంకెలు కూడా కాలంలో ప్రయాణిస్తున్నాయండీ!" అని సభలో చాటారు. ఎవరికీ అర్థం కాలేదు గనక అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను అద్దాల బీరువాలో పెట్టారు. పదకొండేళ్లు ఆ వైభవం అనుభవించాను. నిజం నాకు తెలుసు. అయినా పొగుడుతున్నంతసేపు నోరు మెదపకపోవడం మనుషుల దగ్గరే నేర్చుకున్నాను.

అప్పుడొచ్చారు ఏసుపాదంగారు. బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి. పక్కన తెల్లకాగితం పెట్టుకుని, నా కథానాయకుడి ప్రతి ప్రయాణానికీ బయలుదేరిన వేళ, చేరిన వేళ రాసుకుంటూ చదివారు. మూడోనాడు నన్ను గ్రంథపాలకురాలు సీతారత్నంగారి బల్ల మీద పెట్టారు.

"మేడంగారూ, ఈ బండి బయల్దేరకుండానే చేరిపోయిందండి."

"కాలప్రయాణం కదండీ, అలాగే ఉంటుంది. లెక్చరరుగారే మెచ్చుకున్నారు."

"ఆయన మెచ్చుకుంటే మెచ్చుకోనివ్వండి. ఏ బండైనా బండేనండి. మా డిపోలో ఇలా రాస్తే చేతిలో మెమో పెట్టేవోరు. ఇదిగో, ఈ పదహారు పేజీలూ వెనక్కి జరిపి చదవండి."

ఆవిడ చదవసాగారు. గుట్టు బయటపడితే ఆ అద్దాల బీరువా మొహం మళ్లీ చూడను. కాసేపటికి ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు.

"అయ్యో నా మతి మండా! పకోడీల తర్వాతేనండీ షష్టిపూర్తి!"

మర్నాడే బైండరు నా కుట్లు విప్పి మళ్లీ కుట్టాడు. భానుమూర్తిగారు తిరిగి చదివి పెదవి విరిచారు. "ఏమోనండీ, పాతదాంట్లో ఉన్న లోతు ఇందులో లేదు." నన్ను బీరువాలోంచి దించి దినపత్రికల పక్కనున్న చెక్క అలమరలో పడేశారు. ఇప్పుడు నేను అందరికీ అర్థమయ్యే నవలను. ఆరునెలలు నన్నెవరూ ముట్టలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఏసుపాదంగారే మళ్లీ తీశారు. ఈసారి కాగితం లేదు, కలం లేదు. కిటికీ పక్క బెంచీ మీద కూర్చుని మొదటి పుట నుంచి చివరిదాకా తలెత్తకుండా చదివారు. అప్పుడు గోడ గడియారం చూసి ఉలిక్కిపడ్డారు. వెళ్తూ వెళ్తూ అభిప్రాయాల పుస్తకం తెరిచి, గుండ్రటి అక్షరాలతో ఇలా రాశారు:

"నవల బాగుంది. చదువుతూ ఐదూ పది బస్సు పోగొట్టుకున్నాను. ఇట్లు, పి. ఏసుపాదం, రిటైర్డు కంట్రోలరు."