మైనస్ ఐదు

యంత్రాలకి అబద్ధం చెప్పడం రాదంటారు. ఎవరంటారో గానీ వాళ్ళెప్పుడూ నా ఉద్యోగం చేసి ఉండరు. ఇరవై రెండేళ్ళుగా నేను కెర్నెల్ రాస్తున్నాను. యంత్రం లోపల అన్నిటికన్నా అడుగున ఉండే ప్రోగ్రామే కెర్నెల్. తీగలతోనూ చిప్పులతోనూ నేరుగా మాట్లాడేది అదొక్కటే. అక్కడి పద్ధతి చాలా సులువు. అడిగిన పని జరిగితే సున్నా ఇవ్వాలి. జరగకపోతే ఎందుకు జరగలేదో చెప్పే మైనస్ అంకె ఇవ్వాలి. మైనస్ పన్నెండంటే మెమరీ చాల్లేదని. మైనస్ ఐదంటే అవతలి పరికరం పలకడం లేదని. కింద ఏం జరిగిందో పైవాడికి ఉన్నదున్నట్టు చెప్పాలి, అంతకు మించి ఏమీ లేదు.

మా కంపెనీ రక్తనిధుల్లో ఫ్రిజ్‌లకి బిగించే చిన్న పెట్టెలు చేస్తుంది. సెన్సర్ నుంచి లోపలి చల్లదనం చదివి తెర మీద అంకె చూపించడం, తేడా వస్తే కూత పెట్టడం వాటి పని. మొదటి ఏడాది అవి కూసిన కూతలు ఇన్నీ అన్నీ కావు. సెన్సర్ తీగ కాస్త వదులైతే చాలు మైనస్ ఐదు, జరిగినదంతా నమోదయ్యే లాగ్ నిండా ఎర్ర అక్షరాలు, ఆసుపత్రుల నుంచి ఫోన్లు. మా మేనేజరుకి ఆ ఎరుపు చూస్తే ఒళ్ళు మంట. కొత్త ప్రోగ్రామ్ రిలీజుకి ముందు లాగ్ కడిగిన పళ్ళెంలా ఉండాలంటాడు. అందుకే చాటుగా ఆయన్ని అందరం శుభ్రంగారు అనేవాళ్ళం.

“మేడమ్, తీగ వదులైనప్పుడు ఒక్క క్షణం పాత అంకె చూపిస్తే ఏం పోయింది? మళ్ళీ తగులుకుంటుందిగా,” అన్నాడొకసారి.

“తగులుకోకపోతే?”

“ఎంతసేపు తగులుకోలేదో లెక్కపెట్టి కూయిద్దాం. అది వచ్చే రిలీజులో చూద్దాం. ఇప్పటికి సున్నా ఇచ్చేయండి.”

ఇచ్చేశాను. మైనస్ ఐదు తీసి సున్నా పెట్టాను. చివరిసారి చదివిన అంకెనే మళ్ళీ ఇమ్మన్నాను. లాగ్‌లోకి వెళ్ళే సందేశం కూడా పీకేశాను. పక్కన నా పేరూ తేదీ వేసి ‘తాత్కాలికం’ అని రాశాను. వచ్చే రిలీజు వచ్చింది, దాని తర్వాతదీ వచ్చింది. ఫోన్లు ఆగిపోయాక ఇంక దాని జోలికి ఎవరు పోతారు? నేనూ పోలేదు.

మా తమ్ముడు రక్తనిధిలో టెక్నీషియన్. “మా అక్క చేసింది సార్” అని పెద్ద డాక్టరు వెంటపడి మరీ ఆ పెట్టెలు కొనిపించింది వాడే. వాడికో చాదస్తం ఉండేది. ప్రతి ఫ్రిజ్‌లో ఒక గాజు థర్మామీటరు పెట్టుకుని, రెండు పూటలా తలుపు తీసి, కళ్ళు చికిలించి చదివి రిజిస్టరులో రాసేవాడు. ఒకసారి వాడి దగ్గరకి వెళ్ళినప్పుడు అది చూసి పకపకా నవ్వాను.

“ఒరే, అక్క చేసిన పెట్టె ఎదురుగా పెట్టుకుని ఆ గాజు గొట్టంతో ఏం పనిరా నీకు? నా మీద ఆ మాత్రం నమ్మకం లేదా?”

“నమ్మకం లేక కాదక్కా, అలవాటు.”

“అలవాటు కాదు, చాదస్తం. నాన్న పోలికలన్నీ నీకే వచ్చాయి.”

వాడు సిగ్గుపడ్డాడు. ఆ రోజే గొట్టాలన్నీ తీసి సొరుగులో పడేశాడు. అప్పటినుంచి తెర మీది అంకె చూసి రాయడమే.

ఆ గది చివర ఉన్న ఫ్రిజ్‌లో అరుదైన గ్రూపుల రక్తం ఉంటుంది. రోజుల తరబడి దాన్ని తెరిచే పని పడదు. ఒక శనివారం ఎలుక దూరి వెనకాల కట్టగా పోతున్న తీగలు కొరికేసింది. మోటారు తీగా పోయింది, సెన్సర్ తీగా పోయింది. మా పెట్టెకి కరెంటు వేరే కాబట్టి అది మాత్రం నిక్షేపంగా వెలుగుతూనే ఉంది. శనివారం సాయంత్రం నాలుగు డిగ్రీలు. ఆదివారం రెండు పూటలా నాలుగు డిగ్రీలు. తమ్ముడు రాశాడు, సంతకం పెట్టాడు. సోమవారం ఒక బాలింతకి అర్జెంటుగా రక్తం కావాలని తలుపు తీస్తే లోపలి నుంచి వెచ్చటి గాలి కొట్టింది. పక్క ఊరి నుంచి రక్తం తెప్పించారు, ఆవిడ గండం గడిచి బయటపడింది. ఫ్రిజ్‌లో ఉన్నదంతా పారబోశారు. ఆ హడావిడిలో తెర ఎవరూ చూడకముందే మెకానిక్ వచ్చి అన్నీ ఆపేసి తీగలు మార్చేశాడు. చూడకుండానే అంకెలు వేశాడని తమ్ముణ్ణి సస్పెండ్ చేసి విచారణ పెట్టారు.

“అక్కా, ఒట్టు, చూసే రాశాను. తెర మీద నాలుగే ఉంది,” అన్నాడు ఫోన్‌లో. “వాళ్ళు నా మాట వినట్లేదు. నువ్వొక్క మాట చెబితే నమ్ముతారు.”

“చూస్తాలేరా,” అన్నాను.

చూడ్డానికేముంది, నా తలకాయ? ఫైలు తెరిస్తే నా పేరు, ఆరేళ్ళ కిందటి తేదీ, ‘తాత్కాలికం’.

మీ పెట్టెలో లోపమేమైనా ఉందా అని ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. శుభ్రంగారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. జవాబు అప్పటికే టైపు చేయించి ఉంచాడు. ‘సదరు మూడు రోజుల లాగ్‌ను పరిశీలించాము. ఎటువంటి ఎర్రరూ నమోదు కాలేదు.’ కింద నా పేరు.

“ఇందులో ఒక్క ముక్క అబద్ధముంటే చెప్పండి మేడమ్.”

“వాడు మా తమ్ముడండీ.”

“తెలుసు. ఆ లైను రాసింది మీరనీ తెలుసు. నేను నోటితో అన్నాను, మీరు చేత్తో రాశారు.”

మహానుభావుడు! ఆ కాగితం చింపి మొహాన కొట్టాల్సింది. కొట్టలేదు. భయం వేసింది. యాభై దాటిన దాన్ని, ఈ పేరు పోతే ఇంకే కంపెనీ గుమ్మం ఎక్కనిస్తుంది? సంతకం పెట్టాను.

తమ్ముడి ఉద్యోగం పోయింది.

వాడు ఫోన్ చేసి తిడతాడని చాలా రోజులు చూశాను. తిడితే బాగుండేది. చివరికి ఒక ఆదివారం నేనే చేశాను. “బాగానే ఉన్నాం అక్కా. పిల్లలు చదువుకుంటున్నారు. నువ్వెలా ఉన్నావు?” అన్నాడు. తర్వాతి ఆదివారం కూడా అదే అన్నాడు, ఆ తర్వాతా అదే. నమ్మాను. నమ్మితే ప్రాణానికి హాయిగా ఉంది కాబట్టి నమ్మాను.

పోయిన నెల ఫోన్ మరదలు ఎత్తింది.

“బాగానే ఉండటమేంటి వదినా! ఏడు నెలలుగా గోడవైపు తిరిగి పడుకునే ఉంటున్నారు. ఎక్కడికెళ్ళినా పనివ్వట్లేదు. మీ ఫోన్ వస్తే మాత్రం లేచి కూర్చుని ఆ నాలుగు మాటలూ చెప్పి మళ్ళీ పడుకుంటారు.” గొంతు తగ్గించింది. “విచారణలో మీ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చి గట్టిగా చదివించారు. గాజు థర్మామీటర్లు ఎందుకు మానేశావని అడిగితే ‘బద్ధకించాను సార్’ అన్నారు. మీరు నవ్వారని చెప్పలేదు వదినా. నేను చెప్పమన్నా చెప్పలేదు.”

వాణ్ణి పిలవమని అడక్కుండానే ఫోన్ పెట్టేశాను.

ఆదివారం మళ్ళీ చేశాను.

“ఎలా ఉన్నావురా?”

“బాగానే ఉన్నాం అక్కా. పిల్లలు చదువుకుంటున్నారు. నువ్వెలా ఉన్నావు?”

అక్షరం పొల్లుపోలేదు, గొంతు మారలేదు. వాడు నాతో నిజంగా మాట్లాడిన ఆఖరి రోజు ఏదో నాకు తెలుసు. ‘నువ్వొక్క మాట చెబితే నమ్ముతారు’ అన్న రోజు.

“నేనూ బాగానే ఉన్నానురా,” అన్నాను.