నల్లదుమ్ము పొట్లాలు

దేవీప్రసాద్ ఆమెను ఏనాడూ కొట్టలేదు. పల్లెత్తు మాట అనలేదు. అందుకే అతను చేసిన అన్యాయం గురించి చెబితే నమ్మేవాళ్లు వన్ టౌన్‌లో ఒక్కరూ లేరు.

ఆ సోమవారం పొద్దున్న కూడా కుసుమకుమారి కిటికీ తుడుస్తోంది. బొగ్గూ ఇనుప ఖనిజమూ దింపే రేవు వైపు నుంచి గాలి తిరిగితే చాలు, కిటికీ గట్టు మీద, ఆరేసిన బట్టల మీద, మూత మరిచిన గిన్నెలో నల్లటి దుమ్ము. కాపురానికొచ్చిన మర్నాడు అత్తగారు రామలక్ష్మమ్మ ఆమె చేతిలో పెట్టిన మొదటి వస్తువు తడిగుడ్డ. పదిహేడేళ్లుగా తుడుస్తూనే ఉంది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన ప్రాణం, తుడిచి పారేసి ఊరుకోలేదు. ఇందులో ఏముంది? బొగ్గెంత, ఇనుమెంత? మామగారిని తీసుకుపోయిన దగ్గులో, కూతురు దేవిశ్రీ ఆయాసంలో దీని వాటా ఎంత? నాలుగేళ్లుగా కాలెండరు కాగితాల్లో చిటికెడేసి పొట్లం కట్టి, తారీఖు వేసి, బియ్యం డబ్బా వెనక దాస్తోంది. పెందుర్తిలో ప్రైవేటు కాలేజీ పిల్లలకు పాఠం చెబుతున్నా మనసు ఆ పొట్లాల దగ్గరే. వాటిని ఒక మంచి ల్యాబులో, మంచి తక్కెడ మీద పెట్టి చూడాలి. ఆ ఆశతోనే పర్యావరణం మీద ఎంటెక్‌కు దరఖాస్తు పెట్టింది. సీటొచ్చింది. ఫీజు కట్టడానికి బుధవారం ఆఖరు.

ఫీజుకు దిగులు లేదు. జీతం ఇంట్లోకి పోయినా, ట్యూషన్ల డబ్బుతో, వీధిలో చీటీలు నడిపే అనూరాధ దగ్గర చీటీ కట్టింది. నెలకు ఐదు వేలు, ఇరవై నెలలు. ఎంత అవసరమొచ్చినా పాట పాడలేదు. ముందే పాడుకుంటే పోయే తరుగు ఆఖరిదాకా ఆగితే ఉండదని, కమీషన్ పోను తొంభై ఐదు వేలు చేతికొస్తాయని పళ్ల బిగువున ఆగింది. నిన్న ఆదివారమే ఆఖరి చీటీ. మరిది ఉదయ్‌కుమార్ పెళ్లాంపిల్లలతో భోజనానికొస్తే, వాళ్లకు వండి వడ్డించడంలో వెళ్లలేకపోయింది. ఈ సోమవారం సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ అనూరాధ గుమ్మం ఎక్కింది.

"నిన్ననే ఇచ్చేసినాను కదమ్మా! మీ ఆయనొచ్చి సంతకం పెట్టి తీస్కెళ్లారు. పేరు ఆయనదే కదేటి?"

ఆయనదే. మొదటి నెల పుస్తకం తెరిచి "ఎవరి పేరు?" అని అడిగితే, ఆ వీధి ఆడవాళ్లంతా చెప్పినట్టే తనూ చెప్పింది, మా ఆయన పేరు రాసీయండి అని. ఎంత మురిపెంగా చెప్పింది!

ఇంటికొచ్చేసరికి దేవీప్రసాద్ తీరిగ్గా పకోడీలు తింటున్నాడు. ఉదయ్‌కుమార్ కొంటున్న ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చేశాడట.

"పరాయోడికిచ్చానేటే? తమ్ముడికే కదా. నీకు సెబుదామనే అనుకున్నాను, వంటింట్లో బిజీగా ఉన్నావు."

"ఎల్లుండి ఫీజు కట్టాలండీ."

"వచ్చే ఏడు కట్టుకో. ఉజ్జోగం సేత్తన్నావ్ కదా, ఇంకా డిగ్రీలేటి? తగిలించడానికి గోడకి మేకులు కూడా లేవు." తన జోకుకు తనే నవ్వాడు.

లోపల్నుంచి రామలక్ష్మమ్మ అందుకుంది: "సదువెక్కడికి పోద్దే? ఫ్లాటైతే ఇంకోడు తన్నుకుపోతాడు. నీ ఈడోళ్లు అల్లుళ్లని ఎతుక్కుంటన్నారు, నువ్వు బడికెల్తానంటావ్!"

అంతలో ఉదయ్‌కుమార్ ఫోను. "వదినా, గృహప్రవేశం పనంతా నీ చేతిమీదే. వంద మందికి నువ్వే సూసుకోవాలి."

ఆమె ఫోను పెట్టేసింది. పకోడీల పళ్లెం తీసి కడిగింది.

బుధవారం పాఠం మధ్యలో మూడుసార్లు గడియారం చూసుకుంది. ఐదు దాటింది, ఫీజు గడువు ముగిసింది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు.

గురువారం అనూరాధ కొత్త చీటీ మొదలుపెట్టింది.

"పాత పేరేనా?"

"కాదు. కుసుమకుమారి."

"ఆయనకి తెలుసేటి?"

"తెలుస్తాది. ఈసారి ఆఖరిదాకా ఆగను. తరుగు పోయినా పదో నెలకే పాడేస్తాను."

మర్నాడు పొద్దున్న రామలక్ష్మమ్మ కేకేసింది. "ఏటే, కిటికీ తుడవలేదు?"

"ఉండనీండి అత్తా. అది నాకు కావాలి."

గట్టు మీద దుమ్మును అట్టముక్కతో జాగ్రత్తగా దగ్గరకు తీసి పొట్లం కట్టింది. నల్లబడిన వేళ్లతోనే తారీఖు వేసింది. ఈసారి పొట్లాలను బియ్యం డబ్బా వెనక దాచలేదు. ముందుగదిలో, దేవీప్రసాద్ కుర్చీకి ఎదురుగా, అందరికీ కనబడేలా పెట్టింది.

ఎంటెక్‌లో తనకొచ్చిన ఆ సీట్లో ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారో ఆమెకు తెలియదు. లెక్కకు అందినంతలో పోయింది మాత్రం తొంభై ఐదు వేల రూపాయలు, ఒక్క రూపాయి తక్కువ కాదు.